మిగిలిన ఆరు నిమిషాలు

మూత 41వ రోజు. రాతకు ఎనిమిది నిమిషాలు.

తలుపులు మూసి నలభై ఒక్క రోజులైంది. బయట ఎండకు రాళ్ళు పగులుతున్నాయని పై వరుసలోని గాజు కన్నులోంచి చూసివచ్చినవాళ్ళు చెబుతున్నారు. నేను చూడలేదు. నా చీటీలో దానికి వేళ లేదు, ఉన్నా చూసి చేసేదేముంది? ఎండలు తగ్గేదాకా, అంటే ఇంకో డెబ్బై తొమ్మిది రోజులు, నాలుగు వందల మందిమీ ఈ నల్లమెట్ట కడుపులోనే ఉండాలి. పై వరుసను కొండ అంటాం, అట్టడుగు వరుసను పల్లం అంటాం, మధ్యలో ఉన్నవాళ్ళం మేము.

నా ఉద్యోగం వేళలు వేయడం. ఎవరు ఎప్పుడు లేవాలి, ఎప్పుడు నీళ్ళు పట్టుకోవాలి, ఎప్పుడు తవ్వకానికి వెళ్ళాలి అన్నీ గోడలోని యంత్రం కూర్చి, తెల్లారేసరికి ఎవరి చీటీ వాళ్ళకు ఇస్తుంది. దాని అసలు పేరు గజం పొడుగుంటుంది. జనం వేళమ్మ అంటారు. వేళమ్మకు మాటలు నేర్పింది నేనే. 'కాసేపు' అంటే పదకొండు నిమిషాలని, 'ఇదిగో వచ్చేస్తున్నా' అంటే ఇంకా బయల్దేరలేదని, ఇలాంటివన్నీ మూడేళ్ళు దగ్గర కూర్చుని చెప్పాను. పొద్దున్నే లేచి ఇవాళ ఏం చేద్దామా అని ఆలోచించేవాడు అప్పటికే అరగంట పోగొట్టుకున్నట్టు. ఈ మాట నేను అందరికీ చెబుతుంటాను, అందరూ ముఖం తిప్పుకుంటారు.

మనిషికి రోజుకో గంట మిగల్చాలని సభ తీర్మానించింది. మిగిలిన గంటలన్నీ కొత్త వరుస తవ్వకానికి పోతాయి. జనం పొద్దును ఏం తినేస్తోందో వారం రోజులు గమనించాను. పలకరింపులు తినేస్తున్నాయి.

సున్నం డబ్బాలు మోసే సన్యాసిరావునే తీసుకుందాం. మూత కాలంలో మనం వదిలే చెడుగాలిని సున్నం పీల్చుకుంటుంది. నాలుగు రోజులకు దాని సత్తువ పోతుంది, మార్చాలి. మిగతా వరుసలకు సున్నం గది పక్కనే ఉంది, ఎవరివి వాళ్ళే మార్చుకుంటారు. పల్లానికి మాత్రం ఈయన దిగాలి. పావుగంట పని. ఈయన రోజూ దిగి గంటన్నర దాటించి వస్తాడు. ఏమయ్యా అంటే, "అంబలి తాగి ఎల్లమంటారక్కా, తాక్కపోతే ఏటనుకుంటారు," అంటాడు.

ఇవాళ్టితో అది బంద్. డబ్బాలు మార్చి వచ్చాడు, ఇక ఊరికే చూసి రావడాలు లేవు. రోజూ సాయంత్రం ఆరింటికి ప్రతి ఇంట్లో, ప్రతి పుట్టగొడుగుల మడి దగ్గర ఒకరు గోడలోని జాలీ ముందు పీట వేసుకుని, ఏం ఉందో ఏం లేదో వేళమ్మకు చెబుతారు. అవసరమైతేనే మనిషి కదులుతాడు. ఆరింటికి అందరి పనీ దిగుతుంది కాబట్టి ఆ వేళను నేనే ఎంచాను. జాలీని మోకాలి ఎత్తులో పెట్టించింది కూడా నేనే, కూర్చుని చెబితే అలసట ఉండదని.

మూత 42. ఎనిమిది నిమిషాలు.

పైడమ్మ వదిన సెలవుకు పైకి వచ్చింది. మా ఆయనకు అక్క. ఆయన పోయి ఆరేళ్ళయినా ఈవిడ ఆడపడుచు పెత్తనం పోలేదు. పల్లంలో పుట్టగొడుగుల మళ్ళ దగ్గర పదకొండు మంది ఉంటారు, వాళ్ళకు పెద్ద. వచ్చీ రాగానే నా వంటింట్లో దూరి డబ్బాలన్నీ మూతలు తీసి చూస్తుంది.

"ఉప్పు నిండుకుందే వరాలూ," అంది.

డబ్బా పట్టుకుని కొట్టుకు వెళ్ళి ఉప్పు పోయించుకొచ్చాను. రానూ పోనూ ఆరు నిమిషాలు.

"సన్నాసిరావుని ఆపేసినావంట?" అంది, చోడిపిండి కలుపుతూ.

"ఆపలేదు వదినా. పనుంటే వస్తాడు."

"పనుంటేనే వచ్చీవోడు సుట్టమేటే?"

"ఆయన చుట్టరికానికి రావడం లేదు. సున్నానికి వస్తున్నాడు."

"అయితే నానింక గోడతో మాటాడాల. ఆరింటికంట. దీపాలెట్టే ఏల కదే అది?"

"అయితే ఏం?"

"ఆ ఏల ఇంట్లో లేదనీ మాట నోట రాకూడదే. మీయమ్మ నేర్పలేదేటి?"

"మా అమ్మకు అంత తీరిక లేదు. నీకు తోచినట్టు చెప్పు వదినా. వేళమ్మకు తెలుగు నేర్పింది నేనేగా."

ఆవిడ నవ్వింది. "సరేలే. నీతో సెప్పినట్టే సెప్తాను గోడకి. నువ్వింటావు కదా?"

వింటానన్నాను. నిజానికి నేను వినను. వేళమ్మ వింటుంది, నాకు తేల్చిన ముక్క మాత్రం కాగితం మీద వస్తుంది. నాలుగు వందల మంది గొంతులు వింటూ కూర్చుంటే నా పొద్దు గడిచినట్టే.

సెలవులు వారానికొకటి కాదు, ఇకనుంచి పన్నెండు రోజులకొకటి అని కూడా చెప్పాను. వరుసల మధ్య తలుపు తీసినప్పుడల్లా చల్లగాలి పోతుంది. చీటీలో రాకపోకలు ఉంటేనే వేళమ్మ తలుపు తీస్తుంది. ఆవిడకు మళ్ళీ యాభై నాలుగో రోజున సెలవు. వదిన "ఎల్లొస్తానే," అని లేచి, గడప దగ్గర నిలబడి ఇంకో తొమ్మిది నిమిషాలు మాట్లాడింది. ఈవిడ ఏనాడూ వెళ్తానని అనదు, ఎల్లొస్తానే అంటుంది. ఏదన్నా సరే, అన్నాక వెళ్ళాలి కదా.

మూత 45. ఏడు నిమిషాలు. ఒకటి తగ్గించుకున్నాను.

పొద్దున్నే సన్యాసిరావు తన చీటీ పట్టుకుని వచ్చాడు. అందులో ఇలా ఉంది: "పల్లం. సున్నం నిండు. వెళ్ళనక్కర్లేదు. మిగులు, తొంభై అయిదు నిమిషాలు."

"నాలుగు రోజులయిపోనాది కదక్కా," అన్నాడు.

"నిండుగా ఉందని నిన్న సాయంత్రం వాళ్ళే చెప్పారు. డబ్బా పక్కన కూర్చున్నవాళ్ళకన్నా నీకెక్కువ తెలుసా?"

"అలగని కాదు. ఎప్పుడూ నాలుగో రోజుకి సున్నం నీలం తిరిగిపోద్ది."

"పదకొండు మందే కదా, నెమ్మదిగా ఖర్చవుతోందేమో."

కదలడు. నిలబడడానికి చీటీలో ఎన్ని నిమిషాలిచ్చిందని అడిగాను. తల గోక్కుంటూ వెళ్ళాడు. పాపం, మంచివాడే. అంబలి మానేసరికి దిగులు పట్టుకున్నట్టుంది.

సభలో నా పట్టిక చదివారు. నాలుగు రోజుల్లో మూడు వందల పన్నెండు గంటలు మిగిలాయి. చప్పట్లకు అర నిమిషం.

మూత 47. ఏడు నిమిషాలు.

పల్లం నుంచి రోజూ సరుకు తెచ్చే గిలక బుట్ట వచ్చింది. పుట్టగొడుగులు సగానికి సగం తగ్గాయి. బుట్టలో ఒక సున్నం డబ్బా కూడా ఉంది, శుభ్రంగా కడిగి, నిండా పుట్టగొడుగులు పోసి పంపారు. సున్నం డబ్బాలో తినే వస్తువు పెడతారా ఎవరైనా? గిన్నెలకు కరువొచ్చిందా కింద? పుట్టగొడుగులు తీసుకుని, డబ్బాను సున్నం గదిలో పడేయమన్నాను.

నా చీటీలో పైడమ్మ వదిన కబురు ఉంది. "తలనొప్పి. మీరు రావాలి. తొందర లేదు." ఆవిడకు తలనొప్పి కొత్తా? నాతో వాదనకు దిగిన ప్రతిసారీ వచ్చేదే. తొందర లేదని ఆవిడే అంది కాబట్టి వేళమ్మ నాకు దొరికిన మొదటి ఖాళీలో వేసింది. యాభై ఒకటో రోజు, సాయంత్రం నాలుగూ పది, పది నిమిషాలు. సరేనన్నాను.

మూత 48. ఏడు నిమిషాలు.

ఇవాళ విచిత్రం. సన్యాసిరావు చీటీలో కొత్త పని పడింది. "పల్లం దీపం కొండ మీదికి చేరింది. వెతికి తిరిగి పంపాలి. పన్నెండు నిమిషాలు."

పై వరుసంతా వెతికాడు. పంపుల గది, నీళ్ళ తొట్లు, గాజు కన్ను గది, ఎక్కడా లేదు. పన్నెండు నిమిషాల పనికి ముప్పై అయిదు నిమిషాలు పట్టింది.

"తలుపు తియ్యకుండా దీపం పైకెలగొచ్చిందక్కా? కాళ్ళొచ్చీసి నడిసిందేటి?" అన్నాడు.

గిలక బుట్టలో ఎవరో పంపి ఉంటారని, పైవాళ్ళెవరో కొట్టేసి ఉంటారని నాకు అనుమానం. ఈ కొండ వరుస వాళ్ళ చేతివాటం అందరికీ తెలిసిందే. వెతుకులాట రేపటికి కూడా పొడిగించాను.

పల్లం వాళ్ళ నిద్ర కూడా పెరిగింది. పట్టికలో రోజుకు పది గంటలు, పదకొండు గంటలు కనిపిస్తోంది. చూసేవాళ్ళు లేకపోతే ఒళ్ళు బరువెక్కుతుంది కాబోలు. వదిన పైకి వచ్చాక గట్టిగా నాలుగు మాటలు అనాలి.

మూత 49. ఆరు నిమిషాలు.

దీపం దొరకలేదు. పల్లం నుంచి బుట్ట ఖాళీగా వచ్చింది. ఖాళీ బుట్టను పైకి లాగడమంటే ఇద్దరు మనుషుల నాలుగు నిమిషాలు దండగ. రేపటి నుంచి బుట్ట రోజు విడిచి రోజు అని మార్చాను.

ఆరింటికి దీపం పెట్టి, జాలీ ముందు కూర్చుని, నా ఇంటి సరుకులు చెప్పాను. తరవాత వంట. కూరలో ఉప్పు చాలలేదు, అలాగే తినేశాను.

మూత 50. పొద్దున్న. రాతకు వేళ లేదు.

చీటీలో మొదటి వరుస ఇది. "ఉప్పు నిండు. కొట్టుకు వెళ్ళనక్కర్లేదు. మిగులు, ఆరు నిమిషాలు."

ఉప్పు డబ్బా తీసి చూశాను. అడుగు కనిపిస్తోంది. వేళమ్మకు మతి పోయిందా అనుకున్నాను. నిన్న ఏం చెప్పానో గుర్తు చేసుకున్నాను. ఉప్పు నిండుకుంది, అన్నాను. దీపం ముందు కూర్చున్నానుగా, అయిపోయిందని నోరు రాలేదు. ఆ సంగతి నాకే తెలియలేదు.

నిండు అంటే ఖాళీ లేకపోవడం అని వేళమ్మకు చెప్పింది నేను.

పల్లంలో సున్నం నిండుకుంది. ఆరు రోజులైంది.

దీపం కొండెక్కింది. ఆరిపోయింది అనకూడదని అలా అంటారు. మేము కొండ మీద వెతికాం.

సన్యాసిరావును కేకేశాను. వెళ్తున్నాను.

మూత 53. ఎంతసేపు రాస్తానో తెలియదు.

ఆ రోజు జరిగింది రాయాలి. సభ అడిగిందని కాదు.

తలుపు తెరుచుకోలేదు. వేళమ్మ మామూలు గొంతుతో, "ఈ వేళకు మీ పని ఇది కాదు. ఆలస్యం, నాలుగు నిమిషాలు," అంది. మా వైపు మాత్రమే ఉన్న చేతి మర పట్టుకుని నేనూ సన్యాసిరావూ తిప్పాం. నా అరచేతుల తోలు ఊడింది. వెనక ఆరుగురు సున్నం డబ్బాలు మోసుకొచ్చారు. వాళ్ళను పిలిచింది సన్యాసిరావే. చీటీలు చూసుకోకుండా వచ్చారు.

రెండు వందల పన్నెండు మెట్లు. సన్యాసిరావు చేతిలో నూనె దీపం పట్టుకుని ముందు దిగాడు. నూట ఎనభయ్యో మెట్టు దగ్గర మంట చిన్నదైంది. ఇంకో పది మెట్లకు పోయింది. అతను నా వైపు చూశాడు, ఏమైందో ఆ మాట ఇద్దరం అనలేదు. నాకు ఊపిరి అందడం లేదు, చెవుల్లో హోరు. తడిగుడ్డలు కట్టుకుని, డబ్బాలు తెరిచి ముందుకు తోస్తూ, ఒకళ్ళ తరవాత ఒకళ్ళం లోపలికి వెళ్ళాం.

పుట్టగొడుగుల అరలు అయిదంతస్తులు. పై అంతస్తు మీద, కప్పుకు తల తగిలేంత ఎత్తున, పది మంది పడుకుని ఉన్నారు. బతికే ఉన్నారు. ఒక్కొక్కరినీ కిందికి దించి భుజాల మీద వేసుకుని మెట్లెక్కించాం.

పైడమ్మ వదిన కింద ఉంది. జాలీ ముందు పీట మీద కూర్చుని, గోడకు చెంప ఆనించి. నేను వెళ్ళి పట్టుకునేసరికి ఒళ్ళు చల్లబడింది.

గున్నమ్మ అని ఆ పది మందిలో ఒకావిడకు నిన్న తెలివొచ్చింది. ఆవిడ చెప్పింది. నేల మీద పెట్టిన దీపం పోయిన రోజునే, చెడుగాలి కింద పేరుకుంటోందని వదినకు అర్థమైందట. చిన్నప్పుడు నూతిలో దిగేవాళ్ళు ముందు దీపం దించి చూడడం ఆవిడ ఎరుగునట. దీపాన్ని మొదటి అర మీద పెట్టి చూసింది, అదీ పోయింది. రెండో అర మీద పెడితే నిలిచింది. అందరినీ పైకెక్కమంది.

"నువ్వూ ఎక్కు పెద్దమ్మా అన్నాం," అంది గున్నమ్మ. "ఆరింటికి గోడకి సెప్పాల కదే, నానొక్కదాన్నే కిందకి దిగుతాను అంది. రోజూ దిగీది. ఇన్నాల్లయి ఎవులూ రాలేదు కదా, ఇంక సెప్పడమెందుకు అన్నాను. అలగనకే, వరాలు ఇంటాది అంది."

గున్నమ్మ నా ముఖం చూడకుండా గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇవాళ పొద్దున్న వేళమ్మ దగ్గర దాచి ఉన్న గొంతులు విన్నాను. ఆరు సాయంత్రాలు. మొదటి రెండు రోజులూ ఒకటే మాట, "సున్నం నిండుకుందే వరాలూ." మూడో రోజు గొంతులో ఆయాసం ఉంది. "డబ్బా అంపిస్తన్నానే, సూసుకో. ఉత్త గిన్ని అంపకూడదని నాలుగు పుట్టగొడుగులేసినాను. తల పగిలిపోతంది. నీ పనులయ్యీ సూసుకునే, ఓపాలి దిగి రా." నాలుగో రోజు, "దీపం కొండెక్కిందే." అయిదో రోజు మాట కన్నా ఊపిరే ఎక్కువ వినిపించింది. మళ్ళీ సున్నం మాటే.

ఆరో రోజు మొదట పీట జరిపిన చప్పుడు. తరవాత, "అందర్నీ పైకెక్కించినాను. బెంగెట్టుకోకు. ఎల్లొస్తానే వరాలూ," అంది.

ఆరు సాయంత్రాలూ కలిపితే రెండు నిమిషాల ఇరవై సెకన్లు. నా దగ్గర వినడానికి అంత వేళ లేకపోయింది.

మూత 56.

సభ కూర్చుంది. తప్పు నాదే అని చెప్పాను. ఎవరూ కాదనలేదు, ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. సన్యాసిరావు తొంభై అయిదు నిమిషాలు అతనికి తిరిగి ఇమ్మన్నాను. పదిహేను ఇచ్చారు. గంటలు మిగల్చడం ఆగదట, తవ్వకం సగంలో ఉందట. వేళలు వేసేది కూడా నేనేనట, నా అంత బాగా వేసేవాళ్ళు లేరట.

కొత్త నియమం గోడల మీద అంటించారు. సాయంత్రం ఆరింటికి జాలీ ముందు 'నిండుకుంది', 'కొండెక్కింది' వంటి మాటలు వాడరాదు. ఏదైనా అయిపోతే 'లేదు' అని స్పష్టంగా అనాలి.

పిల్లలు అనేస్తున్నారు. ముసలివాళ్ళు జాలీ ముందు పీట మీద కూర్చుని, నోరు తెరిచి, మూసి, లేచిపోతున్నారు. వేళమ్మ వాళ్ళ ఇళ్ళకు ఏమీ రాయడం లేదు. ఏమీ చెప్పకపోతే ఏ అవసరమూ లేనట్టే కదా. ఇవాళ ఎనిమిది ఇళ్ళు అలా ఉన్నాయి. చీటీ పక్కన పెట్టి ఎనిమిది ఇళ్ళకూ నడిచి వెళ్ళాను. రెండింట్లో తాగే నీళ్ళు లేవు. మూడో ఇంట్లో అంబలి తాగి వెళ్ళమన్నారు, తాగాను.

మూత 61.

యాభయ్యో రోజు నా చీటీలో మొదటి వరుసే చదివి పరుగెత్తాను. రెండో వరుస ఉందని తరవాత చూశాను. "పైడమ్మ రాక. సాయంత్రం ఆరు. ఇరవై నిమిషాలు."

ఎల్లొస్తానే అంది కదా, వస్తుందని వేళమ్మ వేళ వేసింది. రాకపోతే మర్నాటికి జరిపింది. అప్పటి నుంచి రోజూ జరుపుతోంది. పదకొండు రోజులుగా నా చీటీలో ఆ వరుస ఉంది. సభలో పట్టిక చూసినవాళ్ళు అడిగారు, ఆ ఇరవై నిమిషాలూ ఎందుకు దండగ, తీయించెయ్యవచ్చు కదా అని.

తీయించడం తేలికే. ఒక్క మాట చాలు.

ఇవాళ ఆరింటికి దీపం వెలిగించి, పీట వేసుకుని, జాలీ ముందు కూర్చున్నాను. వేళమ్మ అడిగింది. "పైడమ్మ రాలేదు. రేపటికి మార్చాలా? తీసేయాలంటే, పైడమ్మ ఉందో లేదో స్పష్టంగా చెప్పండి."

దీపం నిలకడగా వెలుగుతోంది. దీపాలు పెట్టే వేళ.

రేపటికి మార్చమన్నాను.